వెన్నెముక ఎంఆర్‌ఐ: గదిలోకి వెళ్లే ముందు, రిపోర్టు చూసి భయపడే ముందు

ఎంఆర్‌ఐ గది బయట కూర్చోబెట్టి రోగి చేతికి ఒక కాగితం ఇస్తారు. పేస్‌మేకర్ ఉందా? చెవిలో ఏదైనా పరికరం అమర్చారా? ఎప్పుడైనా ఆపరేషన్ జరిగిందా? కంట్లో ఇనుప రజను పడిందా? గర్భవతా? చాలామంది ఆ కాగితాన్ని బ్యాంకు ఫారం నింపినట్టే నింపేస్తారు. వరుసగా 'లేదు, లేదు' అని టిక్కులు పెట్టి సంతకం చేసి ఇచ్చేస్తారు. వెంట వచ్చిన కొడుకో అల్లుడో నింపడం కూడా మామూలే. ఇరవై ఏళ్ల కిందట ఆమెకు జరిగిన ఆపరేషన్ సంగతి వాళ్లకు తెలియకపోవచ్చు. నిజానికి ఈ పరీక్ష మొత్తంలో రోగి ప్రాణానికి నేరుగా సంబంధించిన ఘట్టం ఏదైనా ఉందంటే, అది ఆ కాగితమే.

ఇంకో కాగితం మర్నాడు చేతికొస్తుంది. అది రిపోర్టు. 'డిస్క్ బల్జ్', 'డెసికేషన్', 'డీజెనరేటివ్ మార్పులు', 'యాన్యులర్ టేర్', 'నరంపై ఒత్తిడి' వంటి మాటలు అందులో వరుసగా ఉంటాయి. డాక్టరుకు చూపించకముందే ఇంట్లోవాళ్లు ఫోన్‌లో ఒక్కో మాటకూ అర్థం వెతుకుతారు. సాయంత్రానికల్లా నడుము నొప్పి ఉన్న మనిషి కాస్తా 'వెన్నెముక పాడైపోయిన' మనిషి అయిపోతాడు. మొదటి కాగితాన్ని తేలిగ్గా తీసుకోవడం, రెండో కాగితాన్ని మరీ బరువుగా తీసుకోవడం, ఈ రెండు పొరపాట్లూ ఒకే చోట నుంచి పుడతాయి. ఆ యంత్రం ఏం చేస్తుందో, ఏం చూడగలదో, ఏం చూడలేదో ఎవరూ రోగికి తీరిగ్గా చెప్పరు.

ఆ సొరంగంలో ఏం జరుగుతుంది?

ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లలో శరీరం గుండా ఎక్స్ కిరణాలను పంపుతారు. ఎంఆర్‌ఐలో అలాంటి కిరణాలేవీ ఉండవు. 'రేడియేషన్ ఎక్కువ పడుతుందేమో' అన్న భయం ఇక్కడ వర్తించదు. ఎంఆర్‌ఐ ఆధారపడేది అయస్కాంత క్షేత్రం, రేడియో తరంగాలు, మన ఒంట్లోని నీరు అనే మూడింటి మీద.

నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులుంటాయి. ఒక్కో హైడ్రోజన్ కేంద్రకం ఒక ప్రోటాన్. అది బుల్లి అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. మామూలుగా ఒంట్లోని ఈ బుల్లి అయస్కాంతాలు తలో దిక్కుకూ తిరిగి ఉంటాయి. మన దేశంలోని స్కానర్లలో ఎక్కువగా కనిపించేది 1.5 టెస్లా శక్తి. అంటే భూమి అయస్కాంత క్షేత్రం కన్నా 30 వేల రెట్లకు పైనే. అంత బలమైన క్షేత్రంలో పడుకోబెట్టినా ప్రోటాన్లన్నీ బుద్ధిగా ఒకే వైపు తిరగవు. క్షేత్రం వైపు తిరిగినవాటికీ, ఎదురు తిరిగినవాటికీ మధ్య తేడా పది లక్షలకు సుమారు అయిదు మాత్రమే. ఆ కాస్త తేడాయే బొమ్మకు ఆధారం. ఒక్క మిల్లీలీటరు నీటిలో ఉండే ప్రోటాన్ల సంఖ్యను రాయాలంటే 23 అంకెలు కావాలి కాబట్టి, పది లక్షలకు అయిదు అన్నా లెక్క తక్కువేమీ కాదు.

ఇప్పుడు రేడియో తరంగాన్ని పంపుతారు. 1.5 టెస్లా దగ్గర ప్రోటాన్లు స్పందించేది సుమారు 64 మెగాహెర్ట్జ్‌కు, 3 టెస్లా దగ్గర 128 మెగాహెర్ట్జ్‌కు. మనం వినే ఎఫ్‌ఎం రేడియో 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది, అంటే సరిగ్గా ఈ రెండింటి నడుమ. ఎంఆర్‌ఐ గది గోడలు, పైకప్పు, తలుపు అన్నింటిలో రాగి రేకు పరిచేది అందుకే. బయటి ప్రసారాలు లోపలికి వస్తే, ఒంట్లోంచి వచ్చే అతి బలహీనమైన సంకేతం ఆ గోలలో కలిసిపోతుంది. తరంగం ఆపగానే ప్రోటాన్లు తాము పీల్చుకున్న శక్తిని వదులుతూ మళ్లీ మొదటి స్థితికి వస్తాయి. ఎంత త్వరగా వస్తాయన్నది అవి కొవ్వులో ఉన్నాయా, నీటిలో ఉన్నాయా, కండరంలో ఉన్నాయా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఈ తేడానే కంప్యూటరు నలుపు తెలుపుల బొమ్మగా మారుస్తుంది.

రిపోర్టులో 'టీ1', 'టీ2' అని కనిపించేవి ఈ తిరిగి వచ్చే రెండు తీరులకు పేర్లు. టీ2 బొమ్మలో నీరు తెల్లగా మెరుస్తుంది. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం తెల్లని గీతలా, దాని మధ్య వెన్నుపాము బూడిద రంగు తాడులా కనిపిస్తాయి. పూసకూ పూసకూ మధ్య ఉండే డిస్కు లేత తాటి ముంజెలాంటిది. చుట్టూ గట్టి పొర, మధ్యలో నీరు నిండిన జిగురు పదార్థం. వయసు పెరిగేకొద్దీ ముంజె ముదిరినట్టే ఆ నీరు తగ్గుతుంది. అప్పుడు టీ2లో డిస్కు నల్లగా కనిపిస్తుంది. 'బ్లాక్ డిస్క్', 'డెసికేషన్' అనే మాటలకు అర్థం ఇంతే, నీరు తగ్గిందని. అందులో కుళ్లడం, చచ్చుబడటం వంటివేమీ లేవు.

ఈ పరీక్షను మొదట 'న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్' అనే పిలిచేవారు. 'న్యూక్లియర్' అంటే పరమాణు కేంద్రకం అన్న అర్థంలోనే. అయినా ఆ మాట వింటే జనం బెదురుతున్నారని ఆసుపత్రుల్లో దాన్ని వదిలేశారు. 1973లో పాల్ లాటర్‌బర్ ఈ పద్ధతిలో బొమ్మ తీయవచ్చని చూపించారు. పీటర్ మాన్స్‌ఫీల్డ్ దానికి గణితాన్నీ వేగాన్నీ సమకూర్చారు. వారిద్దరికీ 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. 1977లో తొలిసారి మనిషి శరీరాన్ని స్కాన్ చేసిన రేమండ్ డమేడియన్‌కు అందులో వాటా దక్కలేదు. ఆయన తరఫున అమెరికా పత్రికల్లో పేజీల కొద్దీ నిరసన ప్రకటనలు వేశారు. ఆ తగువు ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

లోపల వినిపించే దడదడ శబ్దానికి కారణం వేరే. పెద్ద అయస్కాంతం లోపల మరికొన్ని తీగచుట్టలు ఉంటాయి. ఏ సంకేతం ఏ చోటు నుంచి వస్తోందో గుర్తించడానికి వాటిలో విద్యుత్తును క్షణక్షణం మారుస్తారు. బలమైన అయస్కాంత క్షేత్రంలో విద్యుత్తు మారుతుంటే ఆ చుట్టలు లౌడ్‌స్పీకరులా అదురుతాయి. శబ్దం వంద డెసిబెల్స్ దాటుతుంది. చెవుల్లో పెట్టుకోవడానికి ఇచ్చే ప్లగ్గులను, హెడ్‌ఫోన్‌ను 'ఫరవాలేదులే' అని వదిలేయకూడదు.

అయస్కాంతానికి సెలవు లేదు

అన్నింటికన్నా ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. స్కాన్ జరగనప్పుడు కూడా, అర్ధరాత్రి కూడా, కరెంటు పోయినా సరే ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. నయోబియం, టైటానియం కలిసిన తీగను ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. ఆ చలిలో తీగకు విద్యుత్ నిరోధం ఉండదు. ఒకసారి ఎక్కించిన విద్యుత్తు అలా తిరుగుతూనే ఉంటుంది. ఫ్యాన్ స్విచ్ ఆపినట్టు దాన్ని ఆపే వీలు లేదు. అత్యవసరంగా ఆపాలంటే హీలియాన్ని ఆవిరిగా బయటికి వదిలేయాలి. దానికి సమయం పడుతుంది, ఆ తర్వాత యంత్రాన్ని మళ్లీ నిలబెట్టడానికి చాలా ఖర్చవుతుంది.

2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో 32 ఏళ్ల యువకుడు బంధువుకు తోడుగా వచ్చి, ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్లాడు. సిలిండరుతో సహా యంత్రం అతన్ని లాగేసింది. అతను బతకలేదు. చనిపోయింది రోగి కాదు, తోడు వచ్చిన మనిషి. 2001లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో స్కానర్‌లో ఉన్న ఆరేళ్ల పిల్లవాడు ఇలాగే ఎగిరి వచ్చిన ఆక్సిజన్ సిలిండరు తగిలి చనిపోయాడు. 2025 జులైలో అదే రాష్ట్రంలో, మెడలో బరువైన లోహపు గొలుసు వేసుకుని స్కాన్ గదిలోకి వెళ్లిన వ్యక్తి ప్రాణం పోయింది. అయస్కాంతపు లాగుడు నెమ్మదిగా పెరిగి హెచ్చరిక ఇవ్వదు. రెండడుగుల దూరంలో ఏమీ తెలియదు, మరో అడుగు వేసేసరికి చేతిలో వస్తువు నిలవదు. వీల్‌చైర్, స్ట్రెచర్, సిలిండరు, సెలైన్ స్టాండ్ ఏవైనా సరే, ఎంఆర్‌ఐ గదికి ప్రత్యేకించినవి తప్ప లోపలికి రాకూడదు. 'ఇప్పుడు మెషీన్ ఆఫ్‌లో ఉంది, తీసుకురా' అని ఎవరైనా చెబితే, చెప్పినది ఆసుపత్రి సిబ్బందే అయినా నమ్మకూడదు.

జేబుల్లో ఉండేవాటినీ ఇలాగే చూడాలి. మన రూపాయి, రెండు రూపాయల స్టీలు నాణేలు అయస్కాంతానికి అతుక్కునే రకం. తాళాలు, ఫోన్, బెల్టు బకిల్, హెయిర్‌పిన్నులు, సవరంలో దోపిన పిన్నులు అన్నీ బయటే ఉండాలి. తెలుగిళ్లలో తరచూ మరిచిపోయేది పిన్నీసు. చీర కుచ్చెళ్ల దగ్గర ఒకటి, భుజం మీద ఒకటి, గాజులకు తగిలించి అవసరానికి పనికొస్తుందని ఒకటి. చిన్నదే కదా అనిపిస్తుంది గానీ, కంటివైపు ఎగిరితే చిన్నది కాదు.

బంగారం, వెండి అయస్కాంతానికి అంటుకోవు. అందుకే 'మంగళసూత్రం, మెట్టెలు ఉంచుకోవచ్చుగా' అని అడిగేవాళ్లుంటారు. ఇక్కడ లాగుడు ఒక్కటే సమస్య కాదు. రేడియో తరంగాలు లోహంలో విద్యుత్తును పుట్టిస్తాయి, లోహం వేడెక్కుతుంది. దగ్గర్లోని బొమ్మ వంకర పోతుంది. మెడ ఎంఆర్‌ఐ తీస్తుంటే మెడలో గొలుసు ఉండటమంటే చూడాల్సిన చోటే మసక వేయడం. పైగా గొలుసు కొక్కెంలో స్ప్రింగు స్టీలుది కావచ్చు, పైపూత కింద ఏ లోహముందో కొన్నవాళ్లకే తెలియదు. పుస్తెలు తీయడం పట్టింపుగా ఉంటే ముందు రోజే పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టుకుని రావచ్చు. చాలామంది అలాగే చేస్తారు. మొలతాడుకున్న వెండి బిళ్ల, తాయెత్తు కూడా తీయాల్సినవే. తాయెత్తులో రాగి రేకు ఉందో, ఇనుప ముక్క ఉందో పైనుంచి చూసి చెప్పలేం.

జరీ చీర మాట ఎవరికీ తట్టదు. అసలైన జరీలో లోహపు తీగ ఉంటుంది, అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. చెమట వాసన రాకుండా వెండి పోగులు కలిపి నేసిన కొన్ని క్రీడా దుస్తులూ అంతే. ఇలాంటి బట్టలతో ఒంటి మీద కాలిన గాయాలైన ఉదంతాలు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి. సెంటరు వాళ్లిచ్చే నూలు గౌను వేసుకోవడం ఉత్తమం. చేతులు కట్టుకోవద్దు, కాళ్లు ఒకదానిమీద ఒకటి వేయొద్దు అని టెక్నీషియన్ చెప్పేది కూడా ఇందుకే. చర్మానికి చర్మం తగిలితే శరీరమే ఒక వలయమై, ఆ తాకిన చోట వేడి పుట్టవచ్చు.

ఒంట్లో ఉన్న లోహం

మోకాలి మార్పిడి, విరిగిన ఎముకకు వేసిన రాడ్డు, గుండెలో స్టెంటు, వెన్నెముకలో టైటానియం స్క్రూలు ఉన్నంత మాత్రాన ఎంఆర్‌ఐ చేయకూడదని కాదు. ఇప్పుడు వాడే ఇంప్లాంట్లలో చాలావాటితో స్కాన్ చేయవచ్చు. అయితే చెప్పాలి. ఏ సంవత్సరంలో వేశారో, ఏ కంపెనీదో తెలిపే కార్డు ఉంటే తీసుకురావాలి. వెన్నులోనే స్క్రూలు ఉంటే వాటి చుట్టుపక్కల బొమ్మ చెదురుతుంది. ముందే తెలిస్తే ఆ చెదురును తగ్గించే పద్ధతిలో స్కాన్ తీస్తారు. కాపర్ టీ సాధారణంగా ఇబ్బంది పెట్టదు, దాన్నీ చెప్పాలి.

పేస్‌మేకర్, డీఫిబ్రిలేటర్, చెవిలో అమర్చిన కాక్లియర్ ఇంప్లాంట్, నరాలను ప్రేరేపించే పరికరాలు, మెదడులో రక్తనాళానికి వేసిన పాతకాలపు క్లిప్పు, ఇవి వేరే తరగతి. కొన్ని కొత్త పేస్‌మేకర్లను షరతులతో ఎంఆర్‌ఐకి అనుమతిస్తారు. స్కాన్‌కు ముందు, తర్వాత వాటి సెట్టింగులను గుండె వైద్యులు సరిచేయాలి. కార్డు లేకుండా, ఆ వివరం ఎవరూ చూడకుండా లోపలికి వెళ్లడం ప్రమాదకరం.

ఇంకొకరి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వెల్డింగ్ చేసేవాళ్లు, లేత్ మీద పనిచేసేవాళ్లు, గ్రైండింగ్ పనివాళ్లు. ఎప్పుడో కంట్లో ఇనుప రజను పడి ఉంటుంది. గుచ్చుకుని లోపలే మిగిలిపోయిన సూదిమొనంత ముక్క కూడా ఆ అయస్కాంతంలో కదిలితే కంటిచూపు పోవచ్చు. అనుమానం ఉంటే ముందు కళ్లకు ఎక్స్‌రే తీస్తారు. పని వల్ల నడుము నొప్పి వచ్చేది కూడా ఎక్కువగా ఈ పనివాళ్లకే కాబట్టి, ఆ ప్రశ్న వాళ్లకు చదివి వినిపించడం సెంటరు బాధ్యత.

లోపల పడుకునేది 20 నుంచి 40 నిమిషాలు. మామూలు వెన్నెముక స్కాన్‌కు ఉపవాసం అక్కర్లేదు. మూత్రవిసర్జన చేసి వెళ్తే మేలు. వెల్లకిలా పడుకోలేనంత నొప్పి ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే డాక్టరుకు చెబితే, స్కాన్‌కు ముందు వేసుకోవడానికి మాత్ర రాసిస్తారు. మోకాళ్ల కింద దిండు పెడితే నడుము మీద భారం తగ్గుతుంది. మధ్యలో కదిలితే ఆ వరుస బొమ్మలన్నీ మసకే, మళ్లీ తీయాలి. ఇరుకు చోటంటే భయం ఉన్నవాళ్లు సిగ్గుపడకుండా బుకింగ్ చేసేటప్పుడే చెప్పాలి. వెడల్పైన సొరంగం ఉన్న యంత్రాలున్నాయి, మత్తు మందు ఇచ్చే ఏర్పాటు ఉంది. మత్తు ఇస్తే మాత్రం ఉపవాసం, వెంట మనిషి తప్పనిసరి. చేతిలో పెట్టే రబ్బరు బంతిని నొక్కితే టెక్నీషియన్‌కు తెలుస్తుంది. కళ్లు లోపలికి వెళ్లాక కాకుండా, వెళ్లకముందే మూసుకుంటే చాలామందికి సులువుగా ఉంటుంది.

సూదిమందు ఎప్పుడు?

డిస్కు సమస్య కోసం తీసే స్కాన్‌కు సాధారణంగా సూదిమందు అవసరం లేదు. ఇన్‌ఫెక్షన్, కణితి అనుమానం ఉన్నప్పుడు, ఇంతకుముందు వెన్ను ఆపరేషన్ జరిగిన చోట మిగిలింది మచ్చ కణజాలమా, మళ్లీ జారిన డిస్కా అని తేల్చాల్సినప్పుడు గడోలినియం ఉన్న మందు ఎక్కిస్తారు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లలో ఈ మందు పాత రకాలు చర్మం, కీళ్లు బిగుసుకుపోయే అరుదైన జబ్బుకు కారణమయ్యాయి. అందుకే క్రియాటినిన్ పరీక్ష చూస్తారు. గర్భిణులకు తప్పనిసరైతే తప్ప ఈ మందు వాడరు. మందు లేని ఎంఆర్‌ఐని మాత్రం అవసరమైతే గర్భంలోనూ చేయవచ్చు.

ఎవరు ఆగవచ్చు, ఎవరు ఆగకూడదు

నడుము పట్టేసిన నాలుగో రోజే 'ఒకసారి ఎంఆర్‌ఐ తీయించేద్దాం, తేలిపోతుంది' అనుకోవడం ఇప్పుడు పరిపాటి అయింది. ప్రమాద సంకేతాలు లేని నడుము నొప్పికి మొదటి ఆరు వారాల్లో స్కాన్ వద్దన్నది అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు ఏకగ్రీవంగా చెప్పే మాట. ఆ వ్యవధిలో చాలామందికి దానంతటదే తగ్గుతుంది. తొందరపడి తీసిన స్కాన్ వల్ల చికిత్స మెరుగుపడినట్టు పరిశోధనల్లో తేలలేదు.

అయితే ఈ సలహా పాశ్చాత్య దేశాల పుస్తకాల నుంచి వచ్చింది. మన దగ్గర దీన్ని అలాగే వర్తింపజేయకూడదు. ప్రపంచంలోని క్షయ కేసుల్లో దాదాపు నాలుగో వంతు భారత్‌లోనే ఉన్నాయి. క్షయ ఊపిరితిత్తులకే కాదు, వెన్నుపూసలకూ వస్తుంది. పడుకున్నా తగ్గని నొప్పి, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, తెలియకుండా బరువు తగ్గడం ఉంటే ఆరు వారాలు ఎదురు చూడటం తప్పు. ఎముకలో మూడో వంతుదాకా కరిగితే తప్ప ఎక్స్‌రేలో తేడా కనిపించకపోవచ్చు. ఎంఆర్‌ఐలో ఎముక మజ్జలో వాపు, పక్కన చేరే చీము చాలా ముందే కనిపిస్తాయి. ముందే దొరికితే మందులతో నయమవుతుంది. ఆలస్యమైతే పూసలు కుంగి గూని, కాళ్లు పడిపోవడం మిగులుతాయి.

మరో స్థానిక కారణం నీళ్లలో ఉంది. భారత్‌లో ఫ్లోరోసిస్‌ను తొలిసారి 1937లో గుర్తించింది ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలోనే. నల్గొండ పల్లెల్లో దాని వల్ల వంగిపోయిన మనుషులను తెలుగువాళ్లందరూ చూసే ఉంటారు. దశాబ్దాలు అలాంటి నీళ్లు తాగినవారిలో వెన్ను చుట్టూ ఉండే బంధనాలు ఎముకలా గట్టిపడి, కాలువ ఇరుకై, వెన్నుపాము నలుగుతుంది. అలాంటి ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవాళ్లు 'నడక తూలుతోంది, కాళ్లు బిర్రబిగుసుకుంటున్నాయి' అంటే వయసు మీదకి తోసేయకుండా స్కాన్ చేయించాలి.

క్యాన్సర్ చికిత్స పొందినవాళ్లు, పడిపోయి దెబ్బ తగిలినవాళ్లు, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్లు, కాలిలో బలం తగ్గుతూ పోతున్నవాళ్లు కూడా ఆగకూడదు. అన్నింటికన్నా అత్యవసరం ఒకటుంది. మూత్రం బిగబట్టినట్టు రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలవిసర్జన మీద పట్టు తప్పడం, సైకిలు సీటు తగిలే భాగమంతా మొద్దుబారడం. వెన్ను చివరి నరాల కట్ట నలుగుతోందన్న గుర్తు అది. అప్పుడు వారాల లెక్క కాదు, గంటల లెక్క. రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి.

రిపోర్టులోని మాటలు

ఇప్పుడు రెండో కాగితం. నొప్పే లేని మనుషులకు ఎంఆర్‌ఐ తీస్తే ఏం కనిపిస్తుంది? 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందిని స్కాన్ చేస్తే, సగానికి పైగా మందిలో కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది. 2015లో ఇలాంటి 33 అధ్యయనాలను, అంటే ఏ నొప్పీ లేని 3,110 మంది వివరాలను ఒకచోట చేర్చి లెక్కించారు. 20 ఏళ్ల వయసులోనే 37 శాతం మందికి డిస్కు 'డీజెనరేషన్' ఉంది, 80 ఏళ్లకు అది 96 శాతం. 'బల్జ్' 20 ఏళ్లవాళ్లలో 30 శాతం, 80 ఏళ్లవాళ్లలో 84 శాతం. వీళ్లలో ఎవరికీ నొప్పి లేదు! తలనెరుపును జబ్బు అని రాస్తే ఎలా ఉంటుందో, రిపోర్టులోని సగం మాటలు అలాంటివి.

చదివే కన్నును బట్టి కూడా రిపోర్టు మారుతుంది. 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, కాలిలోకి పాకే నడుము నొప్పి ఉన్న 63 ఏళ్ల మహిళను మూడు వారాల వ్యవధిలో పది వేర్వేరు సెంటర్లలో స్కాన్ చేయించారు. పది రిపోర్టులూ కలిపి 49 రకాల లోపాలను పేర్కొన్నాయి. పదింటిలోనూ కనిపించిన లోపం ఒక్కటీ లేదు. మూడో వంతు లోపాలు ఒకే ఒక్క రిపోర్టులో ఉన్నాయి.

మాటలకు బలం ఎంతో మన దేశంలోనే పరీక్షించి చూశారు. కోయంబత్తూరులోని గంగా హాస్పిటల్‌లో వెన్నెముక శస్త్రవైద్యుడు ఎస్. రాజశేఖరన్ బృందం దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవారిని రెండు బృందాలు చేసింది. ఒక బృందానికి రిపోర్టులోని ప్రతి లోపాన్నీ ఉన్నదున్నట్టు వివరించారు. రెండో బృందానికి ఇవి వయసుతో వచ్చే మామూలు మార్పులేనని ధైర్యం చెప్పారు. ఆరు వారాల చికిత్స తర్వాత చూస్తే, లోపాల జాబితా విన్నవాళ్లే ఎక్కువ బాధపడుతున్నారు. 2021లో వెలువడిన ఈ ఫలితాన్ని ప్రతి స్కాన్ సెంటరు గోడమీదా రాసిపెట్టినా తప్పులేదు.

కొన్ని మాటల బరువు తెలిస్తే భయం తగ్గుతుంది. 'బల్జ్' అంటే డిస్కు అంచు చుట్టూరా కాస్త ఉబ్బడం. 'ప్రొట్రూజన్' అంటే ఒక పక్కకు పొడుచుకు రావడం. 'ఎక్స్‌ట్రూజన్' అంటే లోపలి పదార్థం పొర దాటి బయటికి రావడం. 'సీక్వెస్ట్రేషన్' అంటే ఆ ముక్క తెగి విడిపోవడం. వరుసలో కిందికి వెళ్లేకొద్దీ భయంకరంగా వినిపిస్తుంది గానీ, తమాషా ఏమిటంటే ఎక్కువగా దానంతటదే కరిగిపోయేది చివరిదే. శరీరం ఆ ముక్కను పరాయి పదార్థంగా భావించి తినేస్తుంది. 2015 నాటి ఒక సమీక్ష ప్రకారం విడిపోయిన ముక్కలు 96 శాతం, ఎక్స్‌ట్రూజన్లు 70 శాతం ఆపరేషన్ లేకుండానే తగ్గాయి. 'బల్జ్' మాత్రం 13 శాతమే తగ్గింది. 'యాన్యులర్ టేర్' అంటే నిన్న బరువెత్తితే చిరిగిందని కాదు, చాలావరకు వయసుతో పొరలో వచ్చే పగులు. 'థీకల్ శాక్ ఇండెంటేషన్' అంటే నరాల చుట్టూ ఉండే సంచి కొద్దిగా నొక్కుకుపోయిందని. నరం నలిగిందని కాదు.

రిపోర్టు చివర చాలాసార్లు ఒక చిన్న వాక్యం ఉంటుంది, 'రోగి లక్షణాలతో సరిచూసుకోవాలి' అని. ఎవరూ చదవని ఆ వాక్యమే అసలు సంగతి. నడుములోని అయిదో పూస నరం, అంటే ఎల్5, నలిగితే తిమ్మిరి పిక్క బయటి వైపు నుంచి బొటనవేలి దాకా వస్తుంది. దాని కింది ఎస్1 నరం నలిగితే మడమ, చిటికెనవేలి వైపు వస్తుంది. రిపోర్టులో కుడివైపు డిస్కు పొడుచుకు వచ్చిందని ఉండి, రోగికి ఎడమ కాలు లాగుతుంటే ఆ డిస్కు నేరస్థురాలు కాదు. ఆపరేషన్ మాట వచ్చినప్పుడు 'ఈ బొమ్మలో కనిపించేది నా నొప్పి ఉన్న చోటుకు సరిపోతోందా?' అని అడగడం రోగి హక్కు. ఎంఆర్‌ఐ నొప్పిని చూడలేదు, ఆకారాన్నే చూస్తుంది. అదీ పడుకున్న మనిషి ఆకారాన్ని. నిలబడితేనే కాలు లాగే మనిషికి పడుకున్నప్పటి బొమ్మ కథ మొత్తం చెప్పకపోవచ్చు.

మెడలో 7, వీపులో 12, నడుములో 5 పూసలు ఉండటం సాధారణం. కొందరికి నడుము చివరి పూస త్రికాస్థితో కలిసిపోయి 4 గానో, విడిపోయి 6 గానో కనిపిస్తాయి. లెక్క తప్పితే ఆపరేషన్ పక్క పూసకు జరిగే ప్రమాదం ఉంది. నడుము స్కాన్‌తో పాటు 'హోల్ స్పైన్ స్క్రీనింగ్' అని పై నుంచి కింది దాకా త్వరగా ఒక బొమ్మ తీసేది పూసలను లెక్కపెట్టడానికే. క్షయ ఉంటే దూరంగా మరో పూసలో కూడా దాగి ఉందేమో అందులోనే తెలుస్తుంది. బిల్లులో ఆ పేరు చూసి అనవసరపు వడ్డింపు అనుకోనక్కర్లేదు.

స్కాన్‌కు రాసే చీటీ మీద తరచుగా 'ఎంఆర్‌ఐ ఎల్‌ఎస్ స్పైన్' అని మాత్రమే ఉంటుంది. ఆ మూడు మాటలతో రేడియాలజిస్టు ఏం వెతకాలో తెలియక కనిపించినదల్లా రాస్తారు. 'ఎడమ కాలు బొటనవేలి దాకా లాగుతోంది, మూడు నెలలుగా, ఎనిమిదేళ్ల కిందట క్షయకు మందులు వాడారు' అని డాక్టరు చేత ఒక వాక్యం రాయించుకుంటే రిపోర్టు మారిపోతుంది. డాక్టరు రాయకపోతే రోగి తానే ఒక కాగితం మీద నొప్పి దారి గీసి టెక్నీషియన్‌కు ఇవ్వవచ్చు. పాత స్కాన్లు ఉంటే ఫిల్ములతో పాటు సీడీ కూడా తీసుకెళ్లాలి. కొత్త స్కాన్ బొమ్మలను కూడా సీడీలోనో, పెన్‌డ్రైవ్‌లోనో అడిగి తీసుకోవాలి. శస్త్రవైద్యులు రిపోర్టు కన్నా ముందు చూసేది ఆ బొమ్మలనే.